ఆడలేదన్న హన్మాండ్లు

అయ్యలారా, అమ్మలారా! తూకాలు ఆపి, దుకాణాలు మూసి ఇంతమంది ఈ గంజ్ బజారుకు వచ్చారు. రానివాడు ఒక్కడే, మన హన్మాండ్లు. పదకొండు రోజుల కిందట నిజామాబాద్ దవాఖానలో జ్వరంతో పోయాడు. ముప్పై ఆరేళ్ళు. పోయే వయసా అది?

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఆడి ఆడి, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో భారత జట్టుతో ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళాడు ఈ ఆలూర్ ఊరి బిడ్డ. తిరిగొచ్చిన రోజు బస్టాండు నుంచి డప్పులతో ఊరేగించాం. 'దేశం తరఫున ఆడిన వీరుడు' అని గుడ్డ మీద రాయించింది నేనే. నాది అడ్తి వ్యాపారం, రైతుల పంట కమీషన్‌కు అమ్మిపెట్టే పని కదా! రాశి మీద మంచి పసుపు కొమ్ములు పేర్చి చూపడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. హన్మాండ్లు ఏం చేశాడు? మెడలో దండతోనే లేచి అందరి ముందు అన్నాడు: "నేను ఆడలే. రెండు మ్యాచులైనయి. రెండిట్ల బయటనే కూసున్న. గా గుడ్డ దించుండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు.

తరువాత మోకాలు దెబ్బతిని ఊరికి వచ్చేశాడు. ఒక బడిలో డ్రిల్ మాస్టరు కొలువు ఖాళీగా ఉంది. దేశానికి ఆడినవాడైతే ఇస్తామన్నారు. నేనే వెంటబెట్టుకుని పోయాను. అడిగితే తల ఊపు, చాలు అని దారిపొడుగునా చెప్పాను. అడిగారు. ఊపాడా? "జట్టుతోని పోయిన గానీ ఆడలే సారూ" అన్నాడు. కొలువు పోయింది. మరునాటి నుంచి ఈ గంజ్‌లోనే, ఆ మోకాలితోనే, పసుపు బస్తాలు మోశాడు. పిచ్చోడా అని తిట్టాను. నవ్వాడు. "ఆడినోళ్ళు పదకొండు మంది, నారాయణదాస్ సేటూ. ఆళ్ళ జాగ నాకెందుకు?" అన్నాడు.

మరి నేను మారానా? లేదు. నేటి సంతాప తీర్మానంలోనూ 'రెండు అంతర్జాతీయ మ్యాచులు ఆడిన' అనే రాశాను. పోయినవాడు వచ్చి కాదంటాడా అనుకున్నాను. పొద్దున అతని భార్య ముత్తెమ్మకు చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగింది: "బతికినన్నొద్దులు కాదన్న మాట, సచ్చినంక ఆయన నెత్తిన రుద్దుతరా సేటూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే ఆ మాట కొట్టేశాను. ఇదిగో కాగితం: 'భారత జట్టుతో వెళ్ళాడు. ఆడలేదు.' ఇది చదువుతుంటే నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

ఇంకా మాట్లాడితే మళ్ళీ ఏదో ఒకటి ఎక్కువ చెబుతాను. నా నోరు నాకు తెలుసు. దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు, ఎవరమూ ఏమీ అనకుండా, హన్మాండ్లు కోసం నిలబడదాం.