ఏడంతస్తుల అర్థం

సైన్సు ల్యాబు ఎదుటి టీకొట్టులో ఆ రోజు, ఆ ల్యాబులోనే లిఫ్టు నడిపే లిఫ్టు మామ గొంతు మామూలు కంటే పెద్దగా లేచింది. పక్క బెంచీ మీద స్కూలు హెడ్మాస్టరమ్మ కూర్చుంది మరి. రేపు స్కూల్లో జరిగే సైన్సు సభకి వస్తానన్న ముఖ్య అతిథి రానన్నాడట. ఆ కుర్చీ, ఆ దండ తనకే దక్కాలని మామ ప్రాణం కొట్టుకుపోతోంది.

"మొదట చిన్న మాటేనమ్మా. ఓ కుర్ర సైంటిస్టు లిఫ్టెక్కి, ఫ్రిక్షన్ అంటే ఏంటి మామా అన్నాడు. చేతులు రుద్దుకో బాబూ, వేడెక్కిందా, ఆ రాపిడే ఫ్రిక్షన్ అన్నా. ఒకటో అంతస్తు రాకముందే తేల్చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున్నే లిఫ్టు ముందు సైంటిస్టుల క్యూ! డైరెక్టరు గారే వచ్చి, వర్క్ అంటే పనేగా, అందులో సైన్సేముంది అన్నారు. అయ్యా, ఈ గోడని సాయంత్రం దాకా తోయండి, ఒళ్ళు హూనమైనా సరే, గోడ కదలందే సైన్సు దాన్ని పని అనదు అన్నా. నా కాళ్ళ మీద పడబోయారు, లోపల చోటు చాలదని నేనే ఆపా."

"జీతం కూడా గోడ కదిలితేనే ఇస్తారా బావా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"అడ్డురాకు! గ్రావిటీ దగ్గర చూడాలి నన్ను. అది ఏడంతస్తుల అర్థం, చెప్పి ముగించాలంటే ఏడంతస్తులు ఎక్కాలి, మా బిల్డింగుకున్నవి ఐదే. చెప్తూ చెప్తూ బటన్ మీంచి వేలు తియ్యలేదు, లిఫ్టు కప్పు దాటి మబ్బుల్లోకి పోయింది. లోపల పదిమంది సైంటిస్టులు గొల్లుమన్నారు. భయపడకండి, అర్థం పూర్తయ్యేదాకా పడం అన్నా. ఆఖరి ముక్క చెప్పగానే గ్రావిటీకి తన డ్యూటీ గుర్తొచ్చి మమ్మల్ని మెల్లగా దించింది."

"అంత ఎత్తుకెళ్ళినా నీ చేతిలో టీ ఒలకలేదా బావా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"చుక్క ఒలికితే ఒట్టు! ఇప్పుడు ఏ దేశంలో కొత్త మాట పుట్టినా, నాకు ఫోన్ చేసి అర్థం ఖాయం చేసుకున్నాకే బయటపెడుతున్నారు."

హెడ్మాస్టరమ్మ సంచీలోంచి ఆహ్వానం కార్డు తీసింది. మామ ఛాతీ ఉబ్బి చొక్కా గుండీల మీదికి వచ్చేసింది.

రోజూ ల్యాబుకి టీ పట్టుకెళ్ళే కొట్టు అక్క గ్లాసులు కడుగుతూ అడిగింది. "మామా, నీది సామాన్ల లిఫ్టు కదా? మనుషులు ఎక్కరాదని తలుపు మీద ఎర్రగా రాసుంది. నువ్వూ బయట నిలబడే కదా బటన్ నొక్కేది?"

బెంచీలన్నీ గొల్లున నవ్వాయి. కార్డు మళ్ళీ సంచీలోకి పోయింది.

"మరి లోపల ఎక్కేదెవరండీ?" అంది హెడ్మాస్టరమ్మ, నవ్వు బిగబట్టుకుని.

మామ గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత తల ఎత్తాడు.

"గ్యాసు సిలిండర్లమ్మా. నేను చెప్పిన అర్థం తప్పని ఇంతవరకు ఒక్కటీ అనలేదు."