రేవుగట్టు మీద మూడు గుళ్ళు

సభాధ్యక్షులు, చేపల సహకార సంఘం పెద్ద ఇసోబే గారికి, మూడు గుళ్ళ నుంచీ వచ్చిన పెద్దలకి, ఇన్నేళ్ళూ నా చేత చీవాట్లు తింటూనే నాకు ముల్లంగి ఊరగాయ తెచ్చిపెట్టిన మా జెన్ గుడి కుటుంబాలకి, ఈ మ్యోషున్ సన్యాసిని వీడ్కోలు నమస్కారాలు. ఇసోబే గారు ఇందాక నన్ను శాంతమూర్తి అన్నారు. ఆయన అబద్ధమాడగా వినడం ఇదే మొదలు. (నవ్వులు)

నేనీ రేవుకు వచ్చినప్పుడు గొరిగించుకున్న జుట్టు నల్లగా ఉండేది. గోడకు ఎదురుగా కూర్చుని స్వశక్తితో ధ్యానం చెయ్యడమే బుద్ధుడి తిన్నని దారి అనీ, నామజపం కాళ్ళు లేనివాడికి కర్ర అనీ మా గురువుగారు చెప్పేవారు. అదే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎదురుగుడి రియోకై గారూ, అలా చూడకండి, వీడ్కోలు నాడు మొహమాటానికి మతం మారలేను. ఆయనకి ఇల్లాలు, పిల్లలు, సాయంత్రం ఓ చుక్క సాకే సారా, నోట్లో అమితాభ బుద్ధుడి పేరు, ఆ బుద్ధుడి పరశక్తే గట్టెక్కిస్తుందన్న నమ్మకం. ఒకసారి మా ధ్యానశాలకు వచ్చి, కూర్చున్న కాసేపటికే గురకపెట్టి, తట్టి లేపితే, “అమితాభుడు నన్ను ఉన్నవాణ్ణి ఉన్నట్టే తీసుకుంటాడండీ, మీరే లేపారు” అన్నారు. (నవ్వులు) పుండరీక సూత్రాన్ని జపిస్తూ మూడో గుడివారు వాయించే డప్పు సంగతి ఎత్తను, స్వామివారు ముందువరసలోనే ఉన్నారు.

ఒక శరదృతువులో మన పడవ తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు. పోయినవాళ్ళ పేరిట ప్రార్థన చేద్దామని మూడు గుళ్ళవాళ్ళం రేవుగట్టుకు వెళ్ళి, ఏం చదవాలన్న దగ్గర పేచీ పడ్డాం. నేను మా హృదయసూత్రం ఎత్తుకోబోతే, “అది మేం చదవమండీ” అన్నారు రియోకై గారు. ఆయన అమితాభుడి నామం అంటే, “ఆ పేరు మా నోట రాదు” అన్నారు డప్పు స్వామి. ఆ స్వామి పుండరీక సూత్రం అంటే, “అందరి తరఫునా మీదొక్కటేనా?” అని నేను లేచాను. చలిగాలిలో ఆడవాళ్ళు వణుకుతూ నిలబడే ఉన్నారు. అప్పుడు చేపలెండబెట్టే తోయో ముందుకు వచ్చింది. తోయో, తల దించుకోకమ్మా, నువ్వన్నమాటే చెబుతున్నా.

“స్వాములూ, మీరు తేల్చుకునేలోపు మావాళ్ళే ఈదుకుంటూ వచ్చేసేట్టున్నారు” అంది.



ఆ పడవలో ఆమె అన్న ఉన్నాడు, భర్తా ఉన్నాడు. పుట్టింటివాళ్ళు మా గుడికి చెందినవాళ్ళు, మెట్టినింటివాళ్ళు రియోకై గారి గుడికి.

ముగ్గురం ఆ సిమెంటు గట్టు మీదే కూర్చున్నాం. ఒకరి తరవాత ఒకరం ఎవరిది వారు చివరిదాకా చదివాం, మిగతా ఇద్దరూ చేతులు జోడించి విన్నారు. అప్పట్నుంచీ ఏటా అదే పద్ధతి. ఆ మొదటి రోజు తీరా లేవబోతే, కూర్చోవడమే బతుకైన నాకు కాళ్ళు సహకరించలేదు.

“అమ్మగారూ, స్వశక్తికి తిమ్మిరెక్కినట్టుంది. పరశక్తి అందించమంటారా?” అన్నారు రియోకై గారు.

“ముందు చెయ్యివ్వండి, వాదన తరవాత” అన్నాను. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. (నవ్వులు)

ఇక అసలు మాట. నా స్థానంలోకి వస్తున్న కెన్షూ పెద్దమఠంలో, మంచులో కూర్చుని నేర్చుకున్నవాడు. అతని ధ్యానానికి వంక పెట్టలేను. మొన్న వంటింట్లో గంజి తాగుతూ, “అమ్మగారూ, ఆ గట్టు మీది కలగూరగంప మనకెందుకు? ఈ ఏటి నుంచి మన తద్దినం మన గుళ్ళోనే పెట్టుకుందాం. వాళ్ళవి ధ్యానం చేతకానివాళ్ళ దారులు కదా” అన్నాడు. అవి మా గురువుగారి మాటలే. అయినా నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. గిన్నె కడిగే నెపంతో అటు తిరిగాను.

కెన్షూ, మన దారే తిన్ననిదని నువ్వూ నమ్ము, ఎవరూ కాదనరు. ఒక్కటి మాత్రం ఆలోచించు. గుళ్ళో నువ్వు అన్నగారి కోసం చదువుతుంటే, గట్టు మీద రియోకై గారు భర్త కోసం చదువుతుంటే, తోయో ఎక్కడ నిలబడాలి?



జవాబు ఇప్పుడొద్దు. వంట చేసిన తల్లులకి, బల్లలు మోసినవాళ్ళకి, నా నోటిని భరించిన ఊరికి కృతజ్ఞతలు. ఇసోబే గారూ, ఈ వేదిక మెట్లు మరీ ఎత్తుగా కట్టించారు, దిగడం నా వల్ల కాదు. రియోకై గారూ, అలవాటైన చెయ్యే కదా, ఇలా ఇవ్వండి. కెన్షూ, చూస్తావేం నాయనా, నువ్వు రెండోపక్క పట్టుకో.

సెలవు.