నాగరత్నం లెక్క

ఈ సంగతి నాకు మొదట చెప్పింది యెహెజ్కేలు. మన లంకకి వంతెన లేని రోజుల్లో, రెండు పడవలు కలిపి పైన బల్లలేసిన పంటు ఉండేది గదా, అది నడిపినవాడు. వంతెన వస్తే కూడు పోయేది అతనికే, మరతనికి అబద్ధం ఆడాల్సిన పనేముందిరా? నేనప్పుడు సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీలో ఉన్నాను. కళ్ళారా చూళ్ళేదు. చూడనిది చూశానని చెప్పే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది, మా ఇంట్లో లేదు. కూర్చో నిరంజనూ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీదకి రా. ఏంటీ, గురువారం వంతెన మీద బళ్ళు లెక్కపెడతారంట? బాగుంది. వంతెన ముసలిదైపోయింది, లారీలు ఎక్కకూడదని బోర్డు పెట్టారు. లారీలు ఎక్కట్లేదు కాబట్టి ఇంత చిన్న దారికి కొత్త వంతెన ఎందుకు, నిధులు ఎందుకు అంటున్నారు పైవాళ్ళు. అందుకని మీ కుర్రాళ్ళంతా మోటారు సైకిళ్ళేసుకుని పొద్దున్నించీ సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుతారన్నమాట. "నాగరత్నం లెక్క వేసేద్దాం తాతా" అని నవ్వుతూ వచ్చావు. ఆ మాట నీకెవరు నేర్పారు? శ్రీనివాసరాజే గదా? తెలుసులే. వాళ్ళ నాన్న పల్లంరాజు నాటిన మొక్క అది, ఇప్పుడు కొడుకు నీళ్ళు పోస్తున్నాడు.

నాగరత్నం మా పిన్ని. మా అమ్మకి చెల్లెలు. ఆ బాబాయి చిన్నతనంలోనే పోతే రేవు గట్టు మీద కిరాణా కొట్టు పెట్టుకుని బతికింది. నోరా, అబ్బో! ఆవిడ కొట్టు ముందు నించుని పప్పులో రాళ్ళున్నాయన్నవాడు మళ్ళీ పప్పు తినేవాడు కాదు. కానీ తూకం వేసిందంటే ముల్లు నించునేదాకా పళ్ళెం మీద వేలు పడేది కాదు. ఎవరెన్నిసార్లు వంతెన కోసం అర్జీ పెట్టినా పైనించి ఒకటే మాట వచ్చేదట, మీ రేవు దాటే జనమే తక్కువ, ఇన్ని నిధులు ఎలా ఇస్తారూ అని. ఆఖరికి ఓవర్సీరుగారు పుణ్యం కట్టుకుని, ఫలానా రోజు లెక్క తీయిస్తానమ్మా, మీ అదృష్టం అన్నాడు. సరే, పిన్ని ఏం చేసిందీ? గొడుగేసుకుని గడపగడపకీ తిరిగింది. ఈ వారం ఎవరూ రేవు దాటకండి, ఉన్న పనులన్నీ ఆ రోజుకి పెట్టుకోండి అని. అరటి గెలలు ఆ రోజే కొయ్యండి, రాజమండ్రి కళ్ళాసుపత్రి ఆ రోజే, పెళ్ళి బట్టలు ఆ రోజే. సూర్యకాంతమ్మగారని ఒకావిడుండేది, ఎకసెక్కాలకి పెట్టింది పేరు. "ఏమ్మా నాగరత్నం, నా పంటి నొప్పిని కూడా ఆ రోజు దాకా ఆగమని చెప్పనా?" అందిట. "చెప్పండి వదినగారూ. మీ మాట ఇంట్లో ఎవరూ వినరు గానీ పన్నైనా వింటుందేమో" అంది మా పిన్ని. ఆవిడా నవ్వేసింది, పాపం దవడకి గుడ్డ కట్టుకునే ఆగింది.

ఆ రోజు రేవు చూడాలిరా అనేవాడు యెహెజ్కేలు. తీర్థమే, జాతరలా జనమంట. గెలల బళ్ళు, దూడలతో ఆవులు, పెళ్ళివారు, మంగలి, దవడ గుడ్డతో సూర్యకాంతమ్మగారు. "ఆయ్, గెడ వేసి వేసి నా రెక్కలు పడిపోయాయండి, అమ్మగారు మాత్రం గట్టు మీదనించి కదల్లేదండి" అనేవాడు. అంతా బాగుంది. మధ్యాహ్నం తిరిగాక పల్లంరాజుగారి బళ్ళు వరసగా వచ్చాయి. పైన గెలలు కనపడుతున్నాయి, కింద అంతా ఎండుగడ్డి. ముందు బండికి కొమ్ము విరిగిన ఎద్దుంది. ఆ ఎద్దు పొద్దున్నే దాటింది. అవే బళ్ళు, చీకట్లో పై రేవునించి మరో పడవలో వెనక్కి తెచ్చి... చీకటి కాదులే, తప్పు చెప్పాను, పట్టపగలే, మిట్టమధ్యాహ్నం. జనం భోజనాల్లో ఉంటే వెనక్కి తెచ్చి మళ్ళీ క్యూలో పెట్టాడు. అందరూ చూశారు. చూసి ఊరుకున్నారు, మన మంచికే గదా అని. పిన్ని వెళ్ళి పంటు బల్లకి అడ్డంగా నించుంది. "రాజుగారండీ, ఈ ఎద్దు పొద్దున దాటిందండి." "దాటితే ఏంటంటా? వంతెన నాకొక్కడికేనా, నువ్వు ఎగిరి దూకుతావా?" "దూకనండి. ఒక్క దొంగ బండి దొరికితే, పంటి నొప్పితో దాటిన ఆవిణ్ణి కూడా దొంగంటారండి." అని ఊరుకుందా, లెక్క రాసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, బాబూ ఆ బళ్ళు రాయకు అంది. పదిమందిలో అంది. రాజుగారి మొహం మాడిన పెనం అయిపోయింది. అదిగో, అదే కక్ష. కోర్టుకెక్కే కక్షయితే తీర్పు వచ్చేది, ఇది నోటి కక్ష.

ఆగు, ఇంకా ఉంది. ఏం, ఫోను మోగుతోందా? మోగనీ. కొన్నాళ్ళకి పైనించి పెద్ద అధికారి చెప్పాపెట్టకుండా దిగాడు. రేవులో ఎవరున్నారు? పంటు మీద కునుకు తీస్తూ యెహెజ్కేలు, గట్టు మీద ఓ మేక. ఊళ్ళో పనులన్నీ అయిపోయాయి గదా మరి. "ఏమ్మా, మొన్నటి జనమంతా ఏరీ?" అన్నాడాయన కొట్టు ముందుకొచ్చి, పిన్నితో. జనం పోగయ్యారు. వెనకనించి పల్లంరాజు, "ఆవిడేనండి అందర్నీ తిప్పింది" అన్నాడు. చూశావా! ఎద్దు ఆయనది, తిప్పింది ఆవిడ. పిన్ని ఏమంటుంది? అవునంటే వంతెన పోతుంది, కాదంటే సగం అబద్ధం అవుతుంది. అప్పుడందీ, "తిప్పలేదండి. ఆపాను. వారం రోజుల పనులు ఆ రోజుకి ఆపమన్నాను. నేను చెప్పకపోయినా ఏడాదంతా ఈ ఊరు ఆగుతూనే ఉంటుందండి. తమరు దాటినవాళ్ళని లెక్కపెట్టుకున్నారు, ఇక్కడిదాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళని కూడా ఓసారి చూసి వెళ్ళండి." ఆయన వెళ్ళి కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. ఆషాఢం గాలి, నీకు తెలుసుగా, పాయలో కెరటాలు లేచాయి, యెహెజ్కేలు పంటు కట్టేశాడు. గెలల బళ్ళు వచ్చాయి, రావులపాలెం మార్కెట్టుకి పోవాల్సినవి, మళ్ళిపోయాయి. జ్వరంతో ఉన్న బిడ్డనెత్తుకుని బేబీ అని ఒక కూలి మనిషి వచ్చింది, గట్టు మీద కూలబడి ఏడ్చి, చెంగుతో బిడ్డ మొహం తుడిచి, మళ్ళిపోయింది. అధికారి ఓ సోడా తాగాడు. చూస్తూ కూర్చున్నాడు. ఏం రాశాడో నాకు తెలీదు, తెలిసిందని చెప్పను. నిధులు మాత్రం వచ్చాయి. కొంచెం కొంచెంగా వచ్చాయి. స్తంభాలు లేచి అలా మొండిగా నించుండిపోయాయి, కాకులు వాలడానికి. పై స్లాబు పడకముందే పిన్ని పోయింది.

తెరిచిన రోజున నేనున్నాను, అది మాత్రం కళ్ళారా చూశాను. పల్లంరాజుగారు మైకు పట్టుకుని, "మా నాగరత్నం అసాధ్యురాలండి, ఊరందర్నీ గిర్రున తిప్పి గవర్నమెంటునే బోల్తా కొట్టించింది" అన్నాడు. పొగడ్తలా అన్నాడు. అందరూ చప్పట్లు. నేను లేచి, అది తప్పు అన్నాను. "కూర్చోవయ్యా గున్నేశ్వరరావూ, మంచిరోజున ఏంటిది" అని భుజాలు పట్టి కూలేశారు. అంతే. అప్పట్నించీ పేకాటలో దొంగ లెక్క వేస్తే నాగరత్నం లెక్క. పాలల్లో నీళ్ళు పోస్తే నాగరత్నం లెక్క. తూకంలో వేలు పెట్టని మనిషిరా! ఆ రాజుగారి గడప నేను తొక్కలేదు, పెళ్ళికీ తొక్కలేదు, చావుకీ తొక్కలేదు.

ఇప్పుడు చెప్పు. గురువారం బండేసుకుని తిరుగుతావా? కెమెరా పెడతారంటున్నావు, నీ నంబరు ప్లేటు ముప్పైసార్లు కనపడితే ఏమవుతుంది? వంతెన పోతుంది, పైగా ఆవిడ పేరు చెప్పి పోతుంది. అలా జరగనివ్వను. కావాలంటే కర్రేసుకుని వచ్చి, పిన్ని పంటు బల్లకి అడ్డం నించున్నట్టు బోర్డు దగ్గర నించుంటాను. అటు చుట్టూ తిరిగిపోతున్న గెలల లారీలన్నిటినీ ఆ రోజు బోర్డు దాకా రమ్మను. ఆగమను. వెనక్కి మళ్ళమను. కెమెరా అది చూడనీ. అడిగితే, మేమే రమ్మన్నాం అని చెప్పండి, దాచొద్దు. ఏం, ఒప్పుకోరంటావా మీవాళ్ళు? శ్రీనివాసరాజు నవ్వుతాడంటావా? నవ్వనీ. నాకు రాత రాదు, సంతకం దాకానే. నువ్వు రాయగలవు గదా. ఊరందరూ చూసుకునే గ్రూపు ఉందిగా ఆ ఫోనులో, అందులో ఇప్పుడే నా ఎదురుగా పెట్టు. నాగరత్నం ఎవర్నీ రెండోసారి దాటించలేదు అని పెట్టు. రెండోసారి దాటిన బళ్ళు పల్లంరాజుగారివి అని పెట్టు, కింద నా పేరు పెట్టు. భయమైతే నీ పేరు వద్దు. రాశావా? ఏదీ, పైకి చదువు.