తుక్కుకిచ్చిన కారు

శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె. గరివిడి నుంచి వచ్చిన జగన్నాధం, ఈమధ్యే కొన్న పాత కారును వీధి మొదట్లో వదిలేసి, నారాయణమ్మ ఇంటి అరుగు దగ్గరికి నడిచి వచ్చాడు.

“మంచినీల్లొద్దమ్మా. మురళీమోహన్‌ని పిలండి. ఆయన్తోనే మాటాడాల.”

“ఆడితో నీకేటి పని బాబూ?”

“కారు గురించమ్మా. ఆయన కారే నాను కొన్నాను. పేరు మారుస్తాను, మారుస్తానని డీలరు తిప్పుతన్నాడు. కాయితాల్లో ఇంకా మీవోడి పేరే ఉన్నాది, ఈ ఊరే ఉన్నాది.”

“మావోడి కారా? కాదు, కాదు. ఇంకెవల్దో అయ్యుంటాది.”

“అందరిదీ ఇదే మాట. డీలర్నడిగితే నాకేటి తెలుసు, ఓనర్నడుగు అన్నాడు. ఇక్కడికొస్తే మాది కాదంటన్నారు. మరి దెబ్బ దాచిందెవలు?”

“దెబ్బేటి?”

“గుద్దీసిన బండమ్మా అది. డోరు పక్కన ఇనుము కోసీసి అతుకేసేరు. పైన రంగు కొట్టీసేరు. మొన్న హారను మోగట్లేదని మెకానిక్కు స్టీరింగు ఇప్పితే లోపల ఎయిర్‌బ్యాగు నేదు. ఏటున్నాదో తెలుసా? పాత లుంగీ గుడ్డలు. ఉండ సుట్టి కుక్కీసేరు. పక్కసీటు ముందరా అంతే. ఆ సీట్లో నా కూతుర్ని కూకోబెట్టి ఊరంతా తిప్పేను.”

“రామ రామ.”

“ఆ గుడ్డలు సూసినకాడ్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. మనుసులు సేసే పనేనా? పిలండమ్మా ఆయన్ని.”

“ఎలగ పిలుస్తాను బాబూ. ఆడు నేడు.”

“ఎప్పుడొస్తాడు?”

“రాడు. పోనాడు. అనంతగిరి ఘాట్లో లారీ గుద్దీసింది. స్నేహితుడు తోల్తంటే ఈడు పక్కన కూకున్నాడు. ఆ కార్లోనే.”

“నాకు తెల్దమ్మా. నిజంగా తెల్దు.”

“కూకో. నిలబడిపోయేవేటి? అందుకే సెప్తన్నాను, నువ్వు కొన్నది ఆ కారు కాదు. దాన్ని తుక్కుకిచ్చీసేము. నానే ఇచ్చీమన్నాను. నా కంటికి కనపడొద్దన్నాను. ఏటేటో కాయితాలు తెస్తే ఏలిముద్దర్లు కూడా ఏసీనాను.”

“కాయితాలు ఎవలు తెచ్చేరు?”

“మా సిన్నోడు. అన్న కారు పరాయోడి సేతిలో పడకూడదమ్మా, దగ్గరుండి ముక్కలు కొట్టిస్తానని ఏడుసుకుంటూ తీసుకెల్లేడు. ఆడికీ కార్ల యాపారమే కదా. ఆ సంగతులు ఆడికి తెలుస్తాయి.”

“కార్ల యాపారమా? ఎక్కడ?”

“రాజాంలో. యుగంధరంటే అందరికీ తెలుసు. నీకు తెలుసేటి?”

“నాకా? నేదు. నేదమ్మా. నానొస్తాను.”

“ఉండు. నువ్వెక్కడ కొన్నావు?”

“ఎవలో బ్రోకరమ్మా. విజయనగరంలో. మీరన్నట్టు అది వేరే బండే అయ్యుంటాది.”

“మావోడి పేరున్నాదన్నావు. మా ఊరున్నాదన్నావు.”

“నానే తప్పు సదివేనేమో.”

“నా మొకం సూసి సెప్పు బాబూ. నీకమ్మినోడెవడు?”

“ఒదిలీండమ్మా. నా కర్మ అనుకుంటాను.”

“నల్లగా, పొడుగ్గా ఉంటాడా? ఎడం కనుబొమ్మ మీద గాటుంటాదా?”

“అమ్మా...”

“ఉంటాదా, ఉండదా?”

“ఉంటాది.”

“నీతో ఏటన్నాడు?”

“ఎందుకిప్పుడు?”

“ఏటన్నాడని అడుగుతన్నాను.”

“ఓనరు పెద్ద కారు కొనుక్కున్నాడు, అందుకే దీన్ని ఇచ్చీసేడన్నాడు. నవ్వుకుంటూ అన్నాడమ్మా.”

“ఇంకా?”

“ఇంకేటీ నేదు.”

“నీ గొంతులో ఇంకా ఏదో ఉన్నాది. కక్కీ.”

“పక్కసీటుకి కొత్త కవరు తొడిగేడు. నిన్న మెకానిక్కు దాన్ని పైకెత్తితే... నల్లగా అట్ట కట్టీసి ఉన్నాది. కడగనైనా కడగనేదమ్మా. కడగనేదు. అమ్మా, నెగొద్దు. కూకోండి. ఎక్కడికి?”

“కారెక్కడ పెట్టేవు?”

“ఈది మొదట్లో. మీరు సూడొద్దు. నా మాటినండి.”

“ఆ కవరు తీసీ బాబూ. నా కొడుకు సీట్లో నాను కూకుంటాను. రాజాం తీసుకెల్లు. ఆడి సేత్తోనే కడిగిస్తాను.”