పచ్చి సిమెంటు తూకం

సభాధ్యక్షులు, మా హెడ్మాస్టరు నగరేశ్వరరావు గారికి, పెద్దలకు, ఇరవై ఎనిమిదేళ్ళుగా నా ఈల విని విసిగిపోయిన చీపురుపల్లి మిత్రులందరికీ, ఇవాళ రిటైరవుతున్న డ్రిల్లు మాస్టారు అప్పలసూరి నమస్కారాలు. (నవ్వులు)

అధ్యక్షులవారు నన్ను బలభీముణ్ణి చేసి మాట్లాడారు. అంత లేదండీ. నేనొచ్చిన కొత్తలో మన తాలింఖానాలో, అదే కసరత్తుశాలలో, ఉన్నవి రెండు సంగిడీలు, చేత్తో తిప్పే చెక్క లోడీలు నాలుగు, ఒక ఇసక మూట. సంగిడీ అంటే పిడి తొలిచిన రాయి, ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. దాని బరువెంతని అడిగితే, "ఎత్తి సూడు, తెలుస్తాది" అనేవాడు తాలింఖానా పెద్ద ఎర్రన్న. అంతకు మించిన లెక్క మాకు అక్కర్లేకపోయింది.

యాభై ఆరులో జిల్లా పోటీలకు పిలుపొచ్చింది. అక్కడ రాళ్ళు కాదు, బార్‌బెల్. ఇనప కడ్డీకి అటూ ఇటూ ప్లేట్లు. ఓస్, ఇంతేగదా, నేనే చేస్తానన్నాను. మా ఇంటావిడ గురమ్మ బూరెలు వండే పెద్ద మూకుడు ఎత్తుకొచ్చి, నూనె రాసి, సిమెంటూ ఇసకా జావలా కలిపి, నడుమ కడ్డీకి కన్నం వదిలి పోశాను. గట్టిపడ్డాక అంకె చెక్కడం కష్టం కదా, అందుకని పచ్చిగా ఉండగానే మూకుడుతో సహా లక్ష్మణరావు గారి కొట్లో కాటా మీద పెట్టి, మూకుడు బరువు తీసేసి, మేకుతో ముప్పై అయిదు అని గీశాను. అలాంటివి నాలుగు, కడ్డీ ఇరవై, వెరసి నూట అరవై పౌన్లు. లక్ష్మణరావు గారూ, మీ కాటా తప్పేం లేదండీ, ధైర్యంగా కూర్చోండి. (నవ్వులు) "నా మూకుడేటి సేసినావు?" అని గురమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఆ నూట అరవైని తలపైకెత్తినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. రైతుబిడ్డ నరసింగరావు. అదిగో, వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇవాళ వస్తాడని నేననుకోలేదు.

విజయనగరంలో, ఇనప బరువుల మీద, మొదట నూట యాభై ఎత్తాడు. నేను చప్పట్లు కూడా కొట్టలేదు, రోజూ నూట అరవై ఎత్తేవాడికి అదో లెక్కా అని. నూట అరవై పెట్టించాను. మిగిలిన రెండుసార్లూ భుజం దాటలేదు. నా కోపం మీకు తెలుసు కదా, అందరి ముందూ అరిచాను. "సేతకానోడివి పోటీకెందుకొచ్చినావురా? ఊరి పరువు తీసీసినావు!" అన్నాను. తలెత్తకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ తాలింఖానా గడప తొక్కలేదు.

అయిదేళ్ళకు మనకూ ఇనప ప్లేట్లు వచ్చాయి. అవి ఎత్తలేక మనవాళ్ళు, "ఏటి మాస్టారూ, పాతవి తేలిగ్గా నెగిసేవి?" అన్నారు. అనుమానమొచ్చి పాతవి తూచాను. ఒక్కొక్కటీ మూడు పౌన్లు తక్కువ. సిమెంటులో నీరు ఆరిపోయింది, నేను గీసిన అంకె అలాగే ఉంది. నూట అరవై అనుకున్నది నూట నలభై ఎనిమిదే!

ఏడేళ్ళుగా ఈ సంగతి నాకు తెలుసు. సంతలో వాడెదురైతే పక్క సందులోకి తప్పుకున్నాను. చెబితే మాస్టారి గౌరవం పోతుందని భయం. సిగ్గులేని భయం.

నరసింగరావూ, లెక్క చూసుకో. ఇక్కడ నువ్వెత్తింది నూట నలభై ఎనిమిది. అక్కడ ఎత్తింది నూట యాభై. నీ జన్మలో అంతవరకూ ఎత్తని బరువు ఎత్తిన రోజునే నిన్ను చేతగానివాడన్నాను. తప్పు నాది నాయనా. నన్ను క్షమించు.

(నరసింగరావు లేచి) "అయితే ఆ రోజు నాను ఎత్తీసినానన్నమాటే కదా మాస్టారూ?"

ఎత్తావురా! ఎత్తేశావు!

శాలువా కప్పిన అధ్యక్షులకు, ఓపిగ్గా విన్న మీకు, మూకుడు పోగొట్టుకున్న గురమ్మకు నా కృతజ్ఞతలు. పన్నెండేళ్ళ కిందట నేను కొట్టని చప్పట్లు ఇప్పుడు కొడుతున్నాను, మీరూ కలవండి. సెలవు.