జాకెట్లు ఆరు, మనుషులు అయిదుగురు

నా పేరు, తండ్రి పేరు, చిరునామా పై గళ్ళలో నింపాను, మళ్ళీ రాయను. వయసు ఇరవై రెండు. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నేను చెబుతుంటే రాసుకుంటామన్నారు గాని, రైటరుగారు ఒక్కో మాటా రెండుసార్లు అడుగుతున్నారు. మాకు అంత వ్యవధి లేదు. అందుకని అధికారిగారి అనుమతితో, ఆయన ఎదుటే, జెట్టీ పక్కనున్న ఈ స్టేషన్ గదిలో కూర్చుని నా చేత్తో నేనే రాస్తున్నాను. గోడ గడియారంలో మూడు నలభై అయింది. అయిదు దాటితే ఆ ఇసుకతిన్నె నీళ్ళ కిందకి పోతుందని బోటు పెద్దాయన చెప్పాడు. మా బాబాయి దాని మీద ఉన్నాడు.

వాంగ్మూలం లేనిదే పోలీసు లాంచీ కదలదన్నారు కనుక మొదటినుంచి రాస్తాను.

ఈ దీవికి సెలవులు గడపడానికి వచ్చినవాళ్ళం ఆరుగురం. నాన్న, అమ్మ, నేను, నాన్నమ్మ, బాబాయి, పిన్ని. బాబాయి నాన్నకి తమ్ముడు, లిఫ్టు మెకానిక్కు. ఆయనకొక జబ్బుంది. దాక్కుంటాడు. పెళ్ళయిన మర్నాడే బీరువాలో దూరి పిన్నిని గంటసేపు ఏడిపించాడట. మేం వెతుకుతుంటే ఎక్కణ్ణుంచో రెండు పొట్టి ఈలలు వేస్తాడు. పిలిస్తే మాత్రం చచ్చినా పలకడు.

ఈ రోజు పొద్దున్న హోటల్లో టిఫిను దగ్గర కూడా మెట్ల కింద దూరాడు. పిన్ని చేతిలో ప్లేటుతో హాలంతా తిరిగింది. వడ్డించేవాళ్ళు నవ్వారు. గదికి వచ్చాక పిన్ని, "ఈ ఒక్కరోజన్నా మనిషిలా ఉండండి" అంది. "మనిషిలా ఉన్నందుకు ఆఫీసులో జీతమిస్తున్నారుగా, సెలవులో కూడానా?" అన్నాడు బాబాయి. అప్పటినుంచి పిన్ని ఆయనతో మాట్లాడలేదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

తొమ్మిదింటికి రెండు చిన్న బోట్లలో బయల్దేరాం. ముందు బోటు పెద్దాయనది. అందులో నాన్న, అమ్మ, నేను. రెండోది ఆయన అల్లుడిది. అందులో నాన్నమ్మ, పిన్ని, బాబాయి. అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగారు. తిన్నె చేరేటప్పటికి ఆటు మీద ఉంది సముద్రం. తెల్లటి ఇసుక, ఒక చివర నల్లరాళ్ళ గుంపు, చుట్టూ మోకాలిలోతు నీళ్ళు, అడుగున పగడాలు. అద్దాల ముసుగు పెట్టుకుని నాన్నమ్మ కూడా నీళ్ళలో మొహం ముంచింది. చేప ఎదురొచ్చేసరికి నీళ్ళలోనే "ఓసి నీ దుంపతెగ" అంది. బుడగలొచ్చాయి. బాబాయి ఇసుకలో పడి దొర్లాడు. నాన్న నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. మేం చాలా సంతోషంగా ఉన్నాం. ఇది వాంగ్మూలానికి అవసరం లేదని రైటరుగారు అంటున్నారు. అయినా ఉంచుతున్నాను.

ఒంటిగంటన్నరకి పోటు మొదలైంది. పెద్దాయన "ఎక్కండెక్కండి, అలలు పెరిగితే మళ్ళీ పగడపు దిబ్బ దాటలేం" అని కేకలేశాడు. అందరం తడిబట్టలతో, సంచులతో పరిగెత్తాం. ఈ బోటువాళ్ళు బయల్దేరేముందు జాకెట్లు లెక్కపెడతారు. మనుషుల్ని లెక్కపెట్టరు. జాకెట్టు పోతే బోటు యజమాని ఊరుకోడు, మనిషైతే వాడే వచ్చి ఎక్కుతాడు కదా అని. మా బోటులో మూడు. "నీవెన్ని?" అని అల్లుణ్ణి అడిగాడు. "మూడు మావా" అన్నాడు అతను, వెనక ఇంజను దగ్గరనుంచి. లెక్క సరిపోయింది.

అల్లుడి బోటులోని మూడో జాకెట్టు లోపల మనిషి లేడు. బాబాయి తన జాకెట్టుని సంచికి తొడిగి, పైన తన తెల్లటోపీ పెట్టి, తువ్వాలు కప్పి, బోటు పందిరి కింద పడుకోబెట్టి, తను వెళ్ళి రాళ్ళ వెనక దాక్కున్నాడు. మేం ఎంతసేపటికి కనిపెడతామో చూద్దామని అయ్యుంటుంది. నాన్నమ్మ "రాత్రి నిద్రలేదు వాడికి, లేపకే" అంది. పిన్ని "లేపుతానా? లేస్తే మళ్ళీ మొదలు" అని మొహం అటు తిప్పుకుని కూర్చుంది. దారి పొడుగునా అటే తిరిగి కూర్చుందని నాన్నమ్మే చెప్పింది.

పగడపు దిబ్బ దాటేదాకా పెద్దాయన ఇంజను పైకెత్తి తెడ్డుతో నెట్టాడు. మా బోటులో చప్పుడు లేదు. రెండో బోటు లోతు వైపు ఉంది, దాని ఇంజను అప్పటికే మోగుతోంది. అప్పుడు వెనకనుంచి ఈల వినబడింది. నాన్న "అదిగో, మొదలెట్టాడు వెధవ. పాపం మా మరదలు ఎలా భరిస్తోందో" అన్నాడు. అమ్మా నేనూ నవ్వాం. బాబాయి రెండో బోటులోంచి వేస్తున్నాడనుకున్నాం. వెనక్కి తిరిగితే ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు జిగేల్‌మన్నాయి, ఏమీ కనబడలేదు. నేను ఆ మెరుపునే ఫోనులో వీడియో తీశాను.

జెట్టీ దగ్గర పిన్ని తువ్వాలు లాగింది. సంచి, టోపీ, జాకెట్టు. అప్పటికీ మేం నవ్వాం. అధికారిగారూ, ఇది మీరు తప్పకుండా రాసుకోండి. అప్పటికీ నవ్వాం. మాకన్నా ముందే దిగి దాక్కున్నాడనుకున్నాం. టికెట్ల గది వెనక, మంచినీళ్ళ పీపాల వెనక, మరుగుదొడ్లలో, ఆగి ఉన్న ప్రతి బోటు కిందా వెతికాం. పిన్ని గట్టిగా "ఓడిపోయామండీ, బయటికి రండి" అంది. కాసేపటికి "ఓడిపోయామండీ" అని ఒక్క మాటే అంటూ తిరిగింది. ముప్పావుగంట అలా పోయింది. ఈలోపు జెట్టీ మీద ఎర్రజెండా ఎగరేశారు, చిన్న బోట్లు పోవడానికి వీల్లేదన్నారు. ఇక్కడికి వస్తే హెడ్డుగారు అంతా విని, "ఆయన అలవాటే అంతన్నారుగా? ఇక్కడే ఎక్కడో ఉండి మీ తిప్పలు చూస్తుంటాడమ్మా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. మేమూ అదే అనుకున్నాం.

ఇది ఆట కాదని నాకెలా తెలుసో చెబుతాను. చిన్నప్పుడు సెలవుల్లో బాబాయి వెంట పనిలోకి వెళ్ళేదాన్ని. లిఫ్టు గుంతలో ఒకరు, పైన మిషను గదిలో ఒకరు ఉంటారు. మాట వినబడదు, అందుకని ఈలలు. పొట్టివి రెండు వేస్తే "కదిలించు". పొడుగ్గా ఒకటి వేస్తే "ఆపు, లోపల మనిషి ఉన్నాడు". పొట్టివి రెండూ ఆయన ఇంట్లో ఆటకి వాడతాడు. పొడుగుది ఆటకి ఎప్పుడూ వాడలేదు. "దాంతో పరాచికాలాడితే ఎవడో ఒకడు చస్తాడే అమ్మాయ్" అనేవాడు.

ఇక్కడిదాకా రాసి అధికారిగారికి వీడియో వినిపించాను. అందులో నేను నవ్వుతున్నాను. నా నవ్వు వెనక ఈల ఉంది. పొడుగ్గా ఉంది. ఆగి, మళ్ళీ పొడుగ్గా. అధికారిగారు రెండోసారి పెట్టమనలేదు. లేచి లాంచీ తియ్యమన్నారు.

లాంచీలో హెడ్డుగారు, పెద్దాయన, నాన్న వెళ్ళారు. పేరు పెట్టి పిలిస్తే బాబాయి పలకకపోవచ్చు, ఈల వేస్తే పలుకుతాడు అని చెప్పాను. లాంచీ ఎక్కేముందు నాన్న జెట్టీ చివర నిలబడి నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ఊదాడు. గాలి వచ్చింది, ఉమ్ము వచ్చింది. నాన్న ఇంతవరకు ఈల వెయ్యలేదు. బాబాయి వేస్తే తిట్టేవాడు. మళ్ళీ ఊదాడు. "ఎలాగే, ఎలా వేస్తాడు వాడు?" అని నన్నడిగాడు. నాకూ రాదు. నా ఫోను ఆయన చేతిలో పెట్టి, అక్కడికెళ్ళాక వీడియో పెట్టి గట్టిగా వినిపించమన్నాను.

వాంగ్మూలం పూర్తి చెయ్యమన్నారు. చేస్తున్నాను. గుర్తులు: నలభై నాలుగేళ్ళు, సన్నగా ఉంటాడు, నీలం నిక్కరు, ఎడమ బొటనవేలి గోరు నలిగి నల్లగా ఉంటుంది. ఈత కొద్దిగా వచ్చు, కాలు కింద ఆనే చోట మాత్రమే. జాకెట్టు లేదు. జాకెట్టు ఇక్కడ బల్ల మీదుంది, ఇంకా తడిగానే ఉంది.

నాలుగు నలభై. బల్ల మీది వైర్‌లెస్ సెట్టులో హెడ్డుగారు మాట్లాడుతున్నారు. "సార్, తిన్నె లేదు సార్, అంతా నీళ్ళే. రాళ్ళ మీద అలలు కొడుతున్నాయి. ఈల వినబడుతోంది సార్, కాని అది ఫోనులోదో బయటిదో తెలియట్లేదు."

"ఫోను ఆపమనండి" అని అరిచాను. "ఇంజనూ ఆపమనండి."

అధికారిగారు ఆపమన్నారు. ఆపారు. నాన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పిన్ని బల్ల అంచు పట్టుకుని సెట్టు మీదికి వంగింది. "అదుగో" అంటోంది. "అదుగో, ఆయనే. పొడుగ్గా."

చూసిందీ విన్నదీ తప్ప రాయకూడదని మొదటే చెప్పారు. నాకు సెట్టులో గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. పిన్నికి వినబడింది.

పైన రాసింది నా కళ్ళ ముందు జరిగినంతవరకు, నాకు తెలిసినంతవరకు నిజం. ఎవరి బలవంతమూ లేదు. చదువుకుని చూసుకునే తీరిక లేక అలాగే ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)

పిన్ని చెప్పగా రాసినది: నాకు వినబడింది. ఇంజను వెయ్యకండి. లోపల మనిషి ఉన్నాడు.

(కుడిచేత్తో సెట్టు పట్టుకుని వదలనందున, ఎడమచేతి వేలిముద్ర)