అవ్వ కండ్లద్దాలు

రుద్రంగి శివారు చేనులో మిలిటరీ హెలికాప్టరు దిగింది. పైలటు పటం పట్టుకొని, బీడీలు చుడుతున్న అవ్వ దగ్గరికి వచ్చాడు.

“అన్నలు గిటు రాలే కొడుకా.”

“నక్సలైట్ల కోసం కాదమ్మా. మీ కళ్లద్దాలు ఒక్క నిమిషం ఇస్తారా? పటం చదవాలి.”

“కండ్లు కనవడకనే గంత పెద్దదాన్ని నడుపుతున్నవా?”

“దూరం బాగానే కనపడుతుంది. నలభై దాటాక దగ్గరి అక్షరాలే అలుక్కుపోతున్నాయి.”

“మరి అద్దాలు పెట్టుకోరాదు?”

“పెట్టుకుంటే పై ఆఫీసర్లకు తెలుస్తుంది. ఇక నన్ను ఎగరనివ్వరు.”

“ఇగో, పట్టు. పైలం, పుల్లకు దారం కట్టిన.”

“ఇది ఏ ఊరమ్మా?”

“రుద్రంగి.”

“అయ్యో! నేను కోరుట్లలో దిగాలి. ఇవి సాయంత్రం దాకా ఉంచుకోనా?”

“ఇంకా ఐదువందల బీడీలు చెయ్యాలె. ఇటు తే.”

“మరి దారెలా తెలుస్తుంది?”

“గా ఎర్రబస్సు ఎంబడి పో కొడుకా. కోరుట్ల బస్టాండులనే ఆగుతది.”